నాకు 'మగ' మార్కులు ఎక్కువ వచ్చాయి, పెళ్ళి ఆగిపోయేలా ఉంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం. ఆరేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను, వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. వయసు 29. కర్నూలు సంబంధం కుదిరింది. అబ్బాయి కూడా ఇక్కడే బ్యాంకులో పనిచేస్తున్నారు. చాలా నెమ్మదస్తుడు. వాళ్ళ నాన్నగారికి బైపాస్ జరిగినప్పుడు సెలవు పెట్టి, డిశ్చార్జి అయ్యేదాకా ఆస్పత్రిలో మంచం పక్కనే ఉన్నారు. నాకు ఆయనలో నచ్చింది అదే. జాతకాలు కలిశాయి, మాఘంలో ముహూర్తం అనుకున్నారు.

పెళ్ళికి ముందు ఒకసారి కౌన్సెలింగ్ మంచిదని స్నేహితురాలు చెబితే ఇద్దరం వెళ్ళాం. అక్కడ 60 మాటలున్న 'బెమ్ సెక్స్ రోల్ ఇన్వెంటరీ' అనే కాగితం ఇచ్చి, ఒక్కోటి మనకు ఎంత వర్తిస్తుందో 1 నుంచి 7 వరకు మార్కు వేసుకోమన్నారు. నాకు పురుష లక్షణాల్లో 5.4, స్త్రీ లక్షణాల్లో 4.7 వచ్చి 'మాస్కులిన్' అని రాశారు. ఆయనకు 4.3, 5.6 వచ్చి 'ఫెమినిన్' అన్నారు. హద్దు రెండింటికీ 4.8 అట. ఆయన సరదాకి ఫొటో తీసి వాళ్ళింటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అక్కడ మొదలైంది. 'మరి ఇంట్లో మొగుడెవరు?' అన్నారట వాళ్ళమ్మగారు. వాళ్ళ మేనమామ ఇంకో అడుగు ముందుకేసి, అబ్బాయికి అసలు ఆడవాళ్ళంటే ఇష్టం ఉందో లేదో కనుక్కోమన్నారట. అత్తయ్యగారు నాకు ఫోన్ చేసి 'ఇప్పట్నుంచే కాస్త మెత్తబడమ్మా' అన్నారు. ఆయనేమో 'అమ్మకి నేను చెప్తాలే' అంటూ నెల గడిపేశారు. నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదు.

ఈ టెస్టు ప్రకారం నేను మగరాయుణ్ణా? మా ఇద్దరికీ కుదరదా? మళ్ళీ రాసి స్కోరు మార్చుకోవచ్చా? ఆయన్ని అడిగే ఇద్దరి కాగితాలూ జతచేశాను. (పేరు వద్దు, బెంగళూరు)

సమాధానం: మీరు పంపిన రెండు కాగితాలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఇంతమందిని కంగారుపెట్టిన ఈ కాగితంలో మీ ఇళ్ళవాళ్ళు చదివింది చివరి మాట ఒక్కటే. పైన మీరు వేసుకున్న మార్కులు ఎవరూ చూసినట్టు లేదు. నేను అవే చూశాను.

స్త్రీ లక్షణాల కింద లెక్కకు వచ్చే మాటలు 20. వాటిలో మీ మార్కుల మొత్తం 94, ఇరవైతో భాగిస్తే 4.7. అందులో మీకు బాగా తక్కువ పడినవి ఐదు. 'ఎవరేం చెప్పినా నమ్మేస్తాను' అన్నదానికి 1 వేసుకున్నారు. 'చిన్నపిల్లలా ఉంటాను', 'సిగ్గు ఎక్కువ', 'పొగిడితే పడిపోతాను', 'ఎదుటివాళ్ళు గట్టిగా అంటే తగ్గిపోతాను' అన్నవాటికి తలా 2. ఐదూ కలిపితే 9. వాటిని తీసేస్తే మిగిలిన 15 మాటలకు 85 మార్కులు, అంటే సగటు దాదాపు 5.7. ఆప్యాయత, జాలి, ఎదుటివాళ్ళ అవసరం కనిపెట్టడం, బాధలో ఉన్నవాళ్ళని ఊరడించాలనే తపన, పిల్లలంటే ఇష్టం, అన్నీ ఆ పదిహేనులోనే ఉన్నాయి. మీ 'పురుష' సగటు 5.4 కంటే ఇది ఎక్కువ!

మీరు కరుకు మనిషని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఎవరేం చెప్పినా నమ్మనని, పొగడ్తకు లొంగనని మీరు నిజాయితీగా రాశారు, మార్కులు అక్కడ తగ్గాయి. పదిమందితో పని చేయించే మనిషి అందుకు వ్యతిరేకంగా రాసి ఉంటే నేను ఆలోచనలో పడేదాన్ని.

మరి అమాయకంగా నమ్మేయడం స్త్రీ లక్షణం ఎలా అయింది? ఈ ప్రశ్నాపత్రాన్ని తయారుచేసింది సాండ్రా బెమ్ అనే అమెరికన్ సైకాలజిస్టు. 1972లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వందమంది విద్యార్థులను, సగం అబ్బాయిలు, సగం అమ్మాయిలు, కూర్చోబెట్టి సుమారు 400 గుణాల పేర్లు ఇచ్చారు. 'అమెరికా సమాజంలో ఒక మగవాడికి ఈ గుణం ఉండటం ఎంత మంచిదనుకుంటారు?' అని కొందరిని, 'ఆడదానికి ఉండటం ఎంత మంచిదనుకుంటారు?' అని మిగతావాళ్ళను అడిగారు. ఏ గుణం మగవాళ్ళకే ఎక్కువ మంచిదనుకుంటారని అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ తేల్చారో అది పురుష లక్షణాల్లో చేరింది. ఆడవాళ్ళవీ అలాగే. మగవాళ్ళు నిజంగా ఎలా ఉన్నారు, ఆడవాళ్ళు నిజంగా ఎలా ఉన్నారు అని అక్కడ ఎవరూ కొలవలేదు. అప్పటి సమాజం ఎవరి దగ్గర ఏం ఆశిస్తోందో రాసుకున్నారు. అందుకే నాయకత్వం, స్వతంత్రంగా ఉండటం, నిర్ణయాలు తేలిగ్గా తీసుకోవడం ఒక పక్కకు వెళ్ళాయి. మెత్తగా మాట్లాడటం, సిగ్గుపడటం, నమ్మేయడం ఇంకో పక్కకు వెళ్ళాయి. ఈ ఆశింపులు మనకేం కొత్త కాదు. 'నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు' అన్న సామెత అబ్బాయి మేనమామగారి తరం నోట ఎన్నిసార్లు వినలేదు!

బెమ్ గారికి నేను అన్యాయం చేయదలచుకోలేదు. ఆవిడ ఈ పని చేసింది మనుషులను విడగొట్టడానికి కాదు. అంతకు ముందు దశాబ్దాలుగా వాడిన పరీక్షల్లో మగతనం, ఆడతనం ఒకే గీతకు రెండు కొసలు. 1936లో టెర్మన్, మైల్స్ అనే ఇద్దరు 456 ప్రశ్నలతో తయారుచేసిన పరీక్ష అలాంటిదే. ఒక కొసకు జరిగితే రెండో కొసకు దూరమైనట్టే. ఈ పద్ధతి తప్పని 1973లో ఆన్ కాన్‌స్టాంటినోపుల్ అనే పరిశోధకురాలు గట్టిగా వాదించారు. బెమ్ 1974లో రెండింటినీ వేరువేరు కొలతలు చేసి, ఒకే మనిషిలో రెండూ దండిగా ఉండొచ్చని చూపించారు. అలాంటివాళ్ళను ఆండ్రోజినస్ అన్నారు. ధైర్యంగా మాట్లాడాల్సిన చోట మాట్లాడగలిగి, ఊరడించాల్సిన చోట ఊరడించగలిగినవాళ్ళే ఎక్కువ సుఖంగా ఉంటారని ఆవిడ ఆశ. అంటే ఈ కొలతలో 5.4 రావడం వల్ల మీ ఆడతనంలో ఒక్క చుక్క కూడా తగ్గదు. అత్తయ్యగారు ఈ కాగితాన్ని బెమ్‌కు ముందునాటి కళ్ళతో చదివారు.

ఆవిడ ఆశించినట్టే అంతా తేలలేదు, అది కూడా చెప్పాలి. 1983లో విట్లీ అనే ఆయన అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఆత్మగౌరవంతో గట్టిగా ముడిపడింది పురుష స్కోరు ఒక్కటే. దానికి కారణం వెతకడం కష్టం కాదు. 'నా కాళ్ళ మీద నేను నిలబడతాను', 'నా నమ్మకాల కోసం వాదిస్తాను' లాంటి మాటలకు ఎక్కువ మార్కులు వేసుకునే మనిషికి, ఆడైనా మగైనా, తన మీద తనకు గౌరవం ఉండే ఉంటుంది. ఒకే సంగతిని రెండుసార్లు అడిగినట్టయింది.

ఇంకా ముఖ్యమైన తప్పు 1979లో పెడాజర్, టెటెన్‌బామ్ అనే ఇద్దరు పట్టుకున్నారు. ఆ 60లో 'మగతనం ఉంది', 'ఆడతనం ఉంది' అన్న మాటలు కూడా సూటిగా ఉన్నాయి. జనం జవాబులను విశ్లేషిస్తే ఆ రెండు మాటలూ తక్కిన గుణాలతో కలవకుండా వేరే గుంపుగా నిలిచాయి. నాయకత్వం ఉన్న స్త్రీ తనను తాను మగరాయుడిగా అనుకోవట్లేదు, దయగల మగవాడు తన మగతనాన్ని శంకించుకోవట్లేదు. ఇదే రంగంలో 24 ప్రశ్నల ఇంకో పత్రం తయారుచేసిన జానెట్ స్పెన్స్ కూడా, ఈ పత్రాలు కొలిచేది పని సాధించుకునే స్వభావాన్నీ, మనుషులతో మమతగా మెలిగే స్వభావాన్నీ తప్ప మగతనాన్నీ ఆడతనాన్నీ కాదని తేల్చి చెప్పారు. నా అభిప్రాయమూ అదే. 'మాస్కులిన్' అన్న చోట 'చొరవ', 'ఫెమినిన్' అన్న చోట 'ఆదరణ' అని రాసి ఉంటే మీ పెళ్ళికి ఈ గొడవే వచ్చేది కాదు.

1981లో బెమ్ స్వయంగా 30 మాటల పొట్టి పత్రం తెచ్చారు. మీ స్కోరును కిందికి లాగిన ఐదు మాటలూ అందులో లేవు. 'మగతనం', 'ఆడతనం' అన్న మాటలు కూడా లేవు. తయారుచేసిన మనిషే తీసేసిన మాటల మీద మీ సంబంధం ఇప్పుడు ఊగుతోంది.

ఇక 4.8 హద్దు సంగతి. ఈ హద్దు ప్రకృతి గీసింది కాదు. షుగర్ పరీక్షకు ఉన్నట్టు ఇంత దాటితే జబ్బు అనే అంకె ఇక్కడ ఏదీ లేదు. ఒక గుంపులో అందరి స్కోర్లనూ వరసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని తీసుకుంటారు. పురుష లక్షణాల్లో ఆ మధ్య అంకె పైన, స్త్రీ లక్షణాల్లో కింద ఉంటే 'మాస్కులిన్'. అటుదిటు అయితే 'ఫెమినిన్'. రెండిట్లో పైన ఉంటే ఆండ్రోజినస్, రెండిట్లో కింద ఉంటే ఏ పక్కా చెప్పలేమంటారు. గుంపు మారితే మధ్య అంకె మారుతుంది, దాంతో మీ పేరూ మారుతుంది. 1974 నాటి లెక్కల్లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 444 మంది అబ్బాయిలు, 279 మంది అమ్మాయిలు. వాళ్ళలో కూడా ఆడ, మగ సగటుల మధ్య తేడా ఏడు పాయింట్ల కొలతలో అర పాయింటు అటూ ఇటూ మాత్రమే. మీ కౌన్సెలర్ 4.8 ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. యాభై ఏళ్ళ కిందటి అమెరికా కాలేజీ పిల్లల నుంచి తెచ్చుంటే అది మీకు ఎలా సరిపోతుంది? అమెరికాలోనే 1970ల నుంచి 1990ల దాకా కాలేజీ అమ్మాయిల పురుష స్కోర్లు పెరుగుతూ వచ్చాయని జీన్ ట్వెంగీ అనే సైకాలజిస్టు 1997లో చూపించారు. ఆ పాత హద్దుతో కొలిస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆఫీసు బస్సు దిగే అమ్మాయిల్లో ఎంతమంది 'మాస్కులిన్' అవుతారో ఊహించండి.

పోనీ 4.8నే ఒప్పుకుందాం. ఇరవై మాటల్లో ఒకదానికి ఒక మార్కు ఎక్కువ వేస్తే సగటు 0.05 పెరుగుతుంది. మూడు మాటలకు ఒక్కో మార్కు ఎక్కువ వేసుంటే మీకు 4.85, కాగితం మీద 'ఆండ్రోజినస్' అని ఉండేది. ఆ రోజు ఆఫీసులో గొడవ పడకుండా వెళ్ళి ఉంటే 'కటువుగా మాట్లాడను' అన్నదానికి 3 బదులు 4 వేసేవారేమో. మనిషి మారకుండా పేరు మారిపోయేది.

దీనితోనే మీ మూడో ప్రశ్నకు జవాబు వచ్చేసింది. మళ్ళీ రాయొద్దు. ఏ మాట ఏ పక్కకు వెళ్తుందో మీకు తెలిసిపోయింది, ఇప్పుడు ఏ అంకె కావాలంటే అది తెచ్చుకోగలరు. ఆ అంకెను అత్తయ్యగారికి చూపించి సంబంధం నిలబెట్టుకుంటే రేపట్నుంచి ఆ అంకెలా బతకాల్సి వస్తుంది. అది మీకు వద్దు.

మేనమామగారి అనుమానం విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఆ 60 మాటల్లో ఎవరిని ఇష్టపడతారన్న ప్రశ్న ఒక్కటి కూడా లేదు. జాలి, మెత్తని మాట, ఓర్పు చూసి ఎవరి మనసు ఎవరి వైపు ఉందో చెప్పలేరు. ఈ రెండింటినీ కలిపేసిన చరిత్ర ఒకటి ఉంది. వ్యక్తిత్వాన్ని కొలవడానికి వాడే ఎమ్‌ఎమ్‌పీఐ అనే పేరున్న పరీక్షలో మగతనం-ఆడతనం కొలత ఒకటి 1940లలో కట్టారు. దాని పునాది కేవలం 13 మంది స్వలింగ ప్రియుల జవాబులు. అలాంటి పనుల వల్లే నెమ్మదిగా ఉండే ప్రతి మగపిల్లాడి మీదా ఈ అనుమానం వాలుతూ వచ్చింది. ఆయన మనసు ఆయన చెబితేనే తెలుస్తుంది, అది చెప్పాల్సింది మీకు, బంధువుల గ్రూపుకు కాదు. ఇంకో మాట. నిజంగా ఎవరైనా అలా ఉంటే అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 'మార్పిస్తాం' అని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. ఎక్కడికో తీసుకెళ్ళి చూపిద్దామని మేనమామగారు అంటే ఈ సంగతి అబ్బాయిని చెప్పమనండి.

మీ ఇద్దరికీ కుదరదా అన్నారు. జంటలకు ఇదే పత్రం ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి ఉంది. 1983లో ఆస్ట్రేలియాలో జాన్ యాంటిల్ 108 పెళ్ళైన జంటలను అధ్యయనం చేశారు. మగవాడికి పురుష స్కోరు, ఆడదానికి స్త్రీ స్కోరు ఉంటేనే సంసారం బాగుంటుందని తేలలేదు. భర్త సంతోషం భార్య స్త్రీ స్కోరుతో ముడిపడింది, భార్య సంతోషం భర్త స్త్రీ స్కోరుతో ముడిపడింది! ఆప్యాయత, ఓర్పు, వినడం, ఇవి ఎవరిలో ఉన్నా పక్కనున్నవాళ్ళకు సుఖం. 108 జంటలు ఎక్కువేం కాదు, అవి కర్నూలు, అనంతపురం జంటలూ కావు, అందుకని దీన్ని జాతకంలా పట్టుకోకండి. కానీ ఆస్పత్రిలో నాన్న మంచం పక్కన కూర్చున్న మనిషికి 5.6 వచ్చిందని భయపడటానికి ఏ ఆధారమూ లేదు. అత్తయ్యగారే ఆలోచించాలి. ఆ రోజుల్లో కొడుకులోని ఏ గుణం ఆవిడకు ఆసరా అయిందో, ఇప్పుడు ఆవిడ తప్పుపడుతున్నది ఆ గుణాన్నే.

ఇంతా చెప్పి, ఆయన కాగితంలో నన్ను ఆపిన వరస ఒకటి ఉంది. 'అవసరమైతే నా మాట మీద నిలబడతాను' అన్నదానికి ఆయన వేసుకున్నది 3. ఆయన నిజాయితీగా వేసిన మార్కు అది. మీ ఉత్తరంలో నాకు అసలు చిక్కుగా కనిపించింది కూడా అదే. ఇద్దరి మధ్య ఉండాల్సిన కాగితం గ్రూపులోకి వెళ్ళింది. మిమ్మల్ని మెత్తబడమని వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. 'నేను చెప్తాలే' అన్న మాట నెల నుంచి మాటగానే ఉంది. ఆయన మగతనం తక్కువై ఇలా జరగలేదు. అమ్మ నొచ్చుకుంటే చూడలేని కొడుకులు మన ఇళ్ళలో కోకొల్లలు, మీసం మెలేసేవాళ్ళలో కూడా. కానీ పెళ్ళి తరువాత మీరెక్కడ ఉంటారు, మీ జీతం ఎలా ఖర్చవుతుంది, పండక్కి ఏ ఊరు, పిల్లలెప్పుడు అన్న ప్రతిచోటా ఈ వరస మళ్ళీ ఎదురవుతుంది.

కాబట్టి ఆయనతో కూర్చోండి. మీ కాగితంలోనూ ఆయన అడగదగ్గవి ఉంటాయి, ముందు ఆయన్నే అడగనివ్వండి. కటువుగా మాట్లాడకపోవడం దగ్గర మీకు 3 ఎందుకు పడిందో ఆయనకు తెలుసుకోవాలని ఉండొచ్చు. చెప్పండి, సర్దుకోవాల్సింది ఉంటే అది అత్తయ్యగారి కోసం కాకుండా ఆయన కోసం సర్దుకోండి. తరువాత మీరు అడగండి: 'మీ అమ్మగారికి ఏం చెప్తారు? ఎప్పుడు చెప్తారు? నేను పక్కన ఉండాలా, వద్దా?' దెబ్బలాటలా వద్దు. ఆయనకు భయంగా ఉందంటే ఆ భయాన్నే మొదట మాట్లాడుకోండి. ఆదరణలో 5.6 ఉన్న మనిషికి ఈ సంభాషణ చేతకాకపోదు.

అత్తయ్యగారికి మీరుగా వివరణ ఇవ్వకండి. స్టాన్‌ఫర్డ్ గురించి, హద్దుల గురించి మీరు చెబితే 'చూశావా, వాదిస్తోంది' అనిపిస్తుంది. కొడుకు చెప్పాల్సిన మాట కొడుకే చెప్పాలి. ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే, 'అత్తయ్యా, ఆ కాగితం మా ఇద్దరి కోసం రాసుకున్నది, మిగతాది ఆయన మీతో మాట్లాడతారు' అంటే చాలు. మర్యాద తప్పదు, గీత కూడా గీసినట్టుంటుంది.

కౌన్సెలింగ్ మానొద్దు, కానీ ఈసారి కౌన్సెలర్‌ను ముందే అడగండి: మీ అర్హత ఏమిటి, ఈ పత్రం ఎందుకిచ్చారు, మాలాంటివాళ్ళ మీద దీన్ని ఎవరైనా సరిచూశారా, ఒక్క మాటలో పేరు పెట్టి పంపేయడం ఏమిటి? ఈ పత్రాలు పరిశోధనల్లో, వందలమంది సగటులు చూసేటప్పుడు పనికొస్తాయి. ఇద్దరు మనుషుల పెళ్ళి తేల్చడానికి ఎవరూ కట్టలేదు. సరైన జవాబు రాకపోతే వేరేవాళ్ళ దగ్గరకు వెళ్ళండి, బెంగళూరులో మంచివాళ్ళకు కొదవ లేదు. నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే మాత్రం ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాఘం దగ్గర పడుతోందని మీ అమ్మగారు తొందరపడుతుండొచ్చు. ఆయన వాళ్ళమ్మగారితో మాట్లాడిన తరువాత, ఏం మాట్లాడారో ఆయన నోటితోనే విన్న తరువాత, ముహూర్తం సంగతి మీ అమ్మగారితో ఎత్తండి. అప్పటికి మాఘం దాటితే వేసవిలోనూ ముహూర్తాలుంటాయి.